దుబాసీ వినని మాటలు

అక్టోబరు 6

రాయడం నాకు అలవాటు లేదు. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాసింది లేదు. ఇన్నాళ్ళకి కలం పట్టడానికి ఒకటే కారణం. ఈ గనిలో ఎవరు ఏం మాట్లాడినా చెవిలో పూసలా ఉన్న దుబాసీ యంత్రం వింటుంది, ఎవరి భాషలోకి వాళ్ళకి మార్చి చెబుతుంది, తన దగ్గర దాచుకుంటుంది. దానికి అర్థం కాని మాటని మాత్రం "శబ్దం" అని చెప్పి వదిలేస్తుంది. అలా వదిలేసిన మాటలు ఇంకెక్కడా ఉండవు. ఇవాళ అలాంటి మాట ఒకటి నాకు అర్థమైంది. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా అని దుప్పట్ల లెక్క చీటీల వెనక రాస్తున్నాను.

నా పేరు శౌరమ్మ. వయసు యాభై. మాది గుంటూరు జిల్లా. మా ఆయన జోజయ్య పోయాక పోలండుకి వచ్చాను. పై గాలి పడని ముసలివాళ్ళని ఈ పాత ఉప్పు గనిలో ఉంచుతారు. మూడో అంతస్తులో అరవై నాలుగు మంచాలు, చూసుకోవడానికి మేం పదకొండు మందిమి. పొద్దున లేవగానే మంచాల పట్టెల మీద పేరిన ఉప్పు తుడవడం నా మొదటి పని. తుడిచేటప్పుడు జపమాల చెప్పుకుంటాను. ఒక వరుస మంచాలయ్యేసరికి ఒక పదిపూసలవుతాయి.

స్నానాల గదిలో మాత్రం దుబాసీ తీసి బయట కొక్కేనికి తగిలించాలి. ఆవిరికి పాడవుతుందట. ఇవాళ పానీ యద్విగాకి, అంటే యద్విగా అమ్మగారికి, నీళ్ళు పోస్తున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పక్షవాతం వచ్చాక మాట ముద్దగా వస్తుంది. రెండు చెంబులు పోశానో లేదో భుజాలు దగ్గరికి లాక్కుని, "జిమ్నొ మి" అంది.

వేడినీళ్ళు కలిపాను. "మ్‌మ్" అని కళ్ళు మూసుకుంది.

అంటే చలి అన్న మాట. చెవిలో ఏమీ లేకుండా ఒక మనిషి చెప్పింది నాకు తెలిసింది. బయటికొచ్చి దుబాసీ పెట్టుకున్నాక అది రోజూ చెప్పేదే చెప్పింది: "నివాసి యద్విగా. నేటి వాక్యములు: సున్న. పదవ దినము." దాని తెలుగెప్పుడూ పాతకాలం రేడియో వార్తల్లాగే ఉంటుంది.

గనిలో అంతస్తుల లెక్క పైనుంచి కిందికి. నలభై రోజులు వరసగా సున్న వస్తే మనిషిని ఐదో అంతస్తుకి దించేస్తారు. అక్కడ అన్నం పెట్టేదీ, పక్కకి తిప్పేదీ యంత్రాలే. మాట లేనివాళ్ళకి మనిషి తోడు అక్కర్లేదని నిర్వాహకుల లెక్క. మాలో ఎవరం అక్కడికి వెళ్ళలేదు. ఉతికిన దుప్పట్లు మాత్రం తొట్టిలో కిందికి వెళ్తాయి, మాసినవి పైకి వస్తాయి.

ఇంకా ముప్పై రోజులుంది. దేవమాతా, ఆమెను పోనివ్వకు.

అక్టోబరు 9

లాండ్రీలో పనిచేసే లూర్దమ్మది మా జిల్లానే. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకన్నా పెద్దది. ఇవాళ ఒక కాగితాల కట్ట తెచ్చి ఒళ్ళో పడేసింది.

"శౌరక్కా, బీరువా అరల్లో పరిచిన కాగితాలు మారుస్తుంటే దొరికినయ్. పక్కన ఇంగ్లీషులో అర్థాలున్నయ్. దుబాసీలు రాకముందు ఆపిల్ కోతలకొచ్చిన కూలోళ్ళ కోసం అచ్చేసిన పాఠాలంట. రోజువారీ వాక్యాలు. నువ్వేందో బాత్‌రూంలో భాష నేర్చుకుంటన్నావని చెప్పుకుంటన్నారుగా!"

"ఒక్క ముక్కే నేర్చుకున్నాను."

"ఒక్క ముక్కకే ఇంత మొహం ఎలిగిపోతంది. పెళ్ళినాడు కూడా ఇంత ఎలగలేదేమో."

మొదటి పేజీలోనే "జిమ్నొ మి" ఉంది. "జిమ్నొ" అంటే చలి, "మి" అంటే నాకు. ఇంగ్లీషువాళ్ళు నేను చల్లగా ఉన్నాను అంటారు. వీళ్ళు మనలాగే నాకు చలి అంటారు. చలి మనిషి దగ్గరికి వస్తుంది, మనిషి చలి అయిపోడు. ఇంత దూరం వచ్చి ఏడేళ్ళుగా చెవిలో పూస పెట్టుకుని తిరుగుతున్నాను, ఈ చుట్టరికం ఇవాళ తెలిసింది.

రెండో పేజీ అంతా నీళ్ళే. ఇది నీళ్ళు అంటే "వొదా". నీళ్ళు లేవు అంటే "న్యె మా వొదీ". నీళ్ళు తాగుతాను అంటే "వొదె". నీళ్ళతో, నీళ్ళలో అంటే ఇంకో రెండు తోకలు. బళ్ళో మా తెలుగు మాష్టారు బెత్తం ఆడిస్తూ డుమువులు ప్రథమా విభక్తి అని పాడించేవారు. మనకి ఎనిమిది, వీళ్ళకి ఏడు. మనం విభక్తిని మాట వెనక తగిలిస్తాం, వీళ్ళు మాట తోకనే మెలిపెడతారు. చివరిది పిలవడానికి. దాని పక్కన గుర్తుగా "ఓ!" అని రాసి ఉంది. మన సంబోధనకీ ఓ యే. నవ్వొచ్చింది.

అక్టోబరు 15

రోజుకి ఇరవై నిమిషాల బడి నాది. ఒక చేత్తో చెంబు, పంతులమ్మేమో సబ్బు నురగలో.

ఇవాళ ధైర్యం చేసి "జిమ్నొ చి?" అని అడిగాను. పానీ యద్విగా కనుబొమలు పైకి పోయాయి. "పానీ," అంది, బల్ల మీద వేలితో కొట్టి. నాలిక కరుచుకున్నాను. నేనన్నది నీకు చలా అని! పెద్దావిణ్ణి ఎదురుగా ఉన్నా సరే, అమ్మగారికి చలా అని పక్కనెవరి గురించో అడిగినట్టు అడగాలి. మా ఊళ్ళో పెద్దిళ్ళలో పాలేళ్ళు అలాగే అడిగేవాళ్ళు, అయ్యగారు భోంచేస్తారా అని. ఇక్కడ అందరూ అందరికీ అయ్యగార్లే, అమ్మగార్లే.

ఇంకోటి కూడా నేర్పింది. ఎవరన్నా పిలిస్తే "స్వుహామ్" అనాలట. వింటున్నాను అని. మనం ఆఁ చెప్పండి అన్నట్టు.

స్నానమయ్యాక జుట్టు దువ్వుతుంటే మంచం పక్క బల్ల మీది ఫోటో చూపించింది. ట్రాము ముందు టోపీ పెట్టుకుని నిలబడ్డ యద్విగా. ముప్పై ఏళ్ళు ట్రాము నడిపిందట. పక్కన మీసాలాయన. "స్తెఫాన్," అంది మెల్లగా. పాఠాల్లో వెతికితే భర్తని "మోంజ్" అంటారు. "మోంజ్?" అన్నాను. తలూపింది. చెవిలో దుబాసీ "శబ్దం" అంది.

నేను ప్రార్థన పుస్తకంలోంచి జోజయ్య ఫోటో తీసి చూపించాను. మా ఇంటి గోడ మీద దండ వేసిన ఆయన పటాన్ని తీసిన ఫోటో అది. అదేమిటని వేలు పెట్టి అడిగింది. చనిపోయినవాళ్ళకి మేం అలా వేస్తామని, కళ్ళు మూసి, చేతులు కట్టి చూపించాను. నా మోచెయ్యి తట్టింది. ఆ తట్టడంలో నాకు అనిపించింది, ఇద్దరం ఒకటేనని. ఆమె కాగితాల్లో భర్త అన్న గడి ఖాళీగా ఉంది మరి.

అక్టోబరు 23

ఇరవై ఏడో సున్న.

స్నానాల గదిలో చక్కగా మాట్లాడుతుంది. నెమ్మదిగా, ముద్దగా, కానీ మాటలే. బయటికి వచ్చి నేను పూస పెట్టుకోగానే పెదవులు బిగిస్తుంది. భయమేమో. జపమాల చెబితే పలుకుతుందని మొన్న పక్కన కూర్చుని తెలుగులో మొదలుపెట్టాను. నేను సగం చెప్పాక మిగతా సగం పోలిష్‌లో అందుకుంది, ఒక్క పూస కూడా తప్పకుండా. ఎంత సంబరపడ్డానో. తీరా దుబాసీ, "కంఠస్థ ప్రార్థన. వాక్యముగా గణింపబడదు" అంది. దానికి మా ఇద్దరి ప్రార్థన లెక్కకి రాలేదు. వినేవాడికి వచ్చే ఉంటుంది.

ఇవాళ విజ్ఞప్తి పెట్టాను. ఈమె మాట్లాడుతుంది, నేను విన్నాను, దయచేసి మనిషిని పంపి చూడండి అని. ఇక్కడ పనివాళ్ళం అందరం పైదేశాల వాళ్ళమే. డాక్టర్లు తెరమీదే కనిపిస్తారు. ఈమె మాట పుట్టుకతో తెలిసిన మనిషి ఒక్కరొచ్చి ఎదురుగా కూర్చుంటే చాలు. నలభయ్యో రోజుకి పరీక్షాధికారి వస్తారని జవాబొచ్చింది.

ఆ సంగతి చెబితే పానీ యద్విగా మొహం ఎందుకో మాడింది. గోడవైపు తిరిగిపోయింది.

నవంబరు 2

ఈరోజు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది.

సమాధుల పండుగ. ఊళ్ళో అయితే సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. ఈ ఉప్పులో పువ్వు బతకదు. లూర్దమ్మ ఇచ్చిన కాగితపు రుమాళ్ళతో రెండు దండలు గుచ్చాను. ఒకటి జోజయ్యకి. రెండోది, పాపం ఆమెకెవరున్నారు చేయడానికి అనుకుని, స్తెఫాన్ ఫోటోకి వేసి, ముందు చిన్న దీపం పెట్టి, ఆయన ఆత్మశాంతికి మూడు జపాలు చెప్పాను.

పానీ యద్విగా వ్యాయామం గది నుంచి చక్రాల కుర్చీలో వచ్చింది. ఫోటో చూసింది. నా వంక చూసింది. మంచి చెయ్యి ఎత్తి దండ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఫోటో కింద పడింది, దీపం ఆరింది.

"జియె!" అని అరిచింది. "జియె! జియె!"

"శబ్దం," అంది నా చెవిలో దుబాసీ. "శబ్దం. శబ్దం."

పాఠాల కాగితాలు తియ్యడానికి నాకు చేతులాడలేదు. తియ్యక్కర్లేకపోయింది. ఆ మాట మన జీవం పక్కన నిలబడ్డట్టే ఉంది. బతికున్నాడు. బతికున్న మనిషికి దండ వేసి దీపం పెట్టాను నేను.

ఆమె ఏడుస్తూ చేతికర్రతో నేలని కొడుతోంది. ఒకే చోట, మళ్ళీ మళ్ళీ. కిందికి చూపిస్తోందని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

కాళ్ళ దగ్గర కూర్చుని తల వంచుకున్నాను. క్షమించమనే మాట నా పాఠాల్లో నాలుగో పేజీలో ఉంది. "ప్షెప్రాషమ్" అని ఎన్నిసార్లన్నానో. చివరికి, ఆపమన్నట్టు నా నెత్తిన చెయ్యి పెట్టింది.

నవంబరు 3

స్నానాల గదిలో అంతా చెప్పింది. చిన్న చిన్న వాక్యాలు, నాకు అందేటట్టు.

స్తెఫాన్ కూడా ఈ అంతస్తులోనే ఉండేవాడు, నేను రాకముందు. ఆయనకీ మాట ముద్దయింది. యంత్రం వినలేదు. నలభై సున్నలు వచ్చాయి, దించేశారు, ఆమె కాగితాల్లోంచి ఆయన పేరు కూడా తీసేశారు. ఎనిమిదేళ్ళయింది. తనూ వెళ్తానని అప్పట్లో అడిగింది. చక్కగా మాట్లాడే మనిషికి అక్కడేం పని అని దుబాసీ ద్వారా ఎవరో చెప్పారు. తర్వాత తనకీ పక్షవాతం వచ్చింది. మంచిదే అనుకుంది. నోరు మూసుకుంటే చాలు, నలభై రోజుల్లో ఆయన దగ్గరుంటుంది.

"హ్త్సె దొ స్తెఫానా," అంది. నాకు స్తెఫాన్ దగ్గరికి పోవాలనుంది. "నా దూవ్." కిందికి.

ఇన్నాళ్ళూ ఒక్క ప్రశ్న నేను అడగలేదు. గడప దాటే మనిషిని ఎక్కడికని అడగకూడదని మా అమ్మ నేర్పింది, అపశకునమని. చిన్నప్పటి నుంచీ ఆ మాట నా నోటికి రాదు. ఆమె ఎక్కడికి పోవాలనుకుంటుందో అడగకుండానే, పోనివ్వకు తల్లీ అని రోజూ మొక్కాను. విజ్ఞప్తి పెట్టి, ఆమె దారికి అడ్డంగా నేనే నిలబడ్డాను.

నవంబరు 4

రేపు పరీక్షాధికారి ఎదుట నన్ను ప్రమాణం చేయించి అడుగుతారు, ఈమె మాట్లాడుతుందా అని.

మాట్లాడుతుందంటే ఇక్కడే ఉంచేస్తారు. మాట్లాడదంటే రేపే భర్త దగ్గరికి పంపేస్తారు.

"ఒక్క అబద్ధం ఆడితే పోయేదేముందక్కా?" అంది లూర్దమ్మ దుప్పట్లు మడుస్తూ. "తప్పు విన్నానండీ, ముసలామె మూలిగితే మాటలనుకున్నానండీ అను. శనివారం తెరమీద ఫాదర్‌కి పాపసంకీర్తనం చేసేసుకో. నీ పాపాల చీటీలో ఇప్పటిదాకా ఏమున్నయ్, ఆదివారం పూజకి ఐదు నిమిషాలు ఆలస్యం తప్ప?"

"ప్రమాణం చేసి ఎట్టా ఆడతానే?"

"మరి నిజం చెప్పి ఆమెను చంపుకో."

ఆ మాట అన్నాక తనే చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇద్దరం ఒక పెద్ద దుప్పటి చెరో కొస పట్టుకుని మడిచాం. అబద్ధమాడితే ఆమె మాటలు నిజంగానే శబ్దాలైపోతాయి. నేను ఈ చీటీల మీద రాసుకున్నవన్నీ కూడా. అది నాకు పాపం కన్నా పెద్దదిగా అనిపిస్తోంది.

నవంబరు 5

పరీక్షాధికారి పేరు పానీ డోరోతా. నలభై ఏళ్ళుంటాయి, పోలండు మనిషే. గనిలోకి దిగడం ఇదే మొదటిసారట, పెదవులు నాక్కుంటూనే ఉంది, అందరూ మొదట్లో అంతే. ఆమె మాట దుబాసీలోంచి, "శౌరమ్మ గారూ, మీ విజ్ఞప్తిని పరిశీలించుటకై వచ్చితిని" అని వినపడింది.

ముందు యద్విగాని అడిగింది. పేరు, నెల, ఈ ఉదయం ఏం తిన్నారు. యద్విగా గోడ మీది ఉప్పుని చూస్తూ కూర్చుంది. పెదవి కదలలేదు. పానీ డోరోతా పలకలో ఏదో గుర్తు పెట్టుకుని నా వైపు తిరిగింది. "వీరు మాటలాడుదురా?"

నేను దుబాసీ తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. పనివేళ తీయడం తప్పే. ఇది నా నోటితో చెప్పాల్సిన మాట.

"పానీ యద్విగా మూవి," అన్నాను. మాట్లాడుతుంది. "జె మ్నోఁ." నాతో.

యద్విగా నా వంక చూసిన చూపు నేను బతికున్నంతకాలం మర్చిపోను. ముప్పై తొమ్మిది రోజుల మౌనం, ఒక్క రోజు మిగిలుండగా, నేను విరగ్గొట్టాను.

ఆమె కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా అమ్మ వద్దన్న ప్రశ్న అది. అయినా అడిగాను. "దొకోంద్ పానీ హ్త్సె?" అమ్మగారికి ఎక్కడికి వెళ్ళాలనుంది?

దుప్పట్ల తొట్టి గరగరమంటూ కిందికి దిగుతోంది. ఆమె నమ్మకపోతే నేను చేయగలిగింది ఇంక లేదు. ఇన్నేళ్ళలో ఆమెను ఎక్కడికని అడిగిన మనిషి లేదు. దాని వెనక ఏం పన్నాగముందోనని నా మొహంలో వెతికింది. తర్వాత తల తిప్పి పానీ డోరోతాతో, ప్రతి అక్షరం మోసుకొచ్చి పెట్టినట్టు చెప్పింది.

"దొ స్తెఫానా. దొ మెంజా. నా దూవ్."

ఇంకా చాలా చెప్పింది. నాకు సగమే అందింది. పానీ డోరోతాకి మొత్తం అందింది. ఆమె పలక ఒళ్ళో పెట్టేసి, రెండు చేతులతో యద్విగా చెయ్యి పట్టుకుని వింది.

తర్వాత నన్ను పూస పెట్టుకోమని సైగ చేసింది. నియమాలు పైనుంచి కిందిదాకా చదివింది. మాట ఉన్నవారు కిందికి వెళ్ళరాదని అందులో ఎక్కడా లేదట. ఎవరూ అడగలేదు కాబట్టి అందరూ ఉందనే అనుకున్నారు. అయితే మాట ఉన్న ప్రతి మనిషికీ పిలుపు దూరంలో మనిషి తోడు ఉండి తీరాలి. ఐదో అంతస్తులో ఆ ఉద్యోగమే లేదు. దుబాసీ కూడా అక్కడ పనిచేయదు. పైకి వచ్చేది పదిహేను రోజులకొకసారి.

"పోవుటకు ఇష్టపడువారు ఉన్నారేమో విచారింపవలెను," అంది.

నేను చెయ్యెత్తాను, బళ్ళో లాగా.

నవంబరు 8

లూర్దమ్మ రెండు పూటలా తిడుతూనే నా పెట్టె సర్దింది. "పోలిష్ నేర్చుకోమంటే పాతాళానికి పోతంది మహాతల్లి. పచ్చడి సీసా అడుగున పెట్టా. కింద ఉప్పు తక్కువైందని పైకి కబురు పెట్టకు, గోడ గీక్కో."

లిఫ్టు చాలాసేపు దిగింది. పానీ యద్విగా చేత్తో ట్రాము తోలుతున్నట్టు కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి జుట్టు చూడమంది. మళ్ళీ దువ్వాను.

ఐదో అంతస్తు శుభ్రంగా ఉంది. అది మాత్రం చెప్పాలి. వరసగా మంచాలు, వాటి పైన మెత్తగా కదిలే ఇనప చేతులు. పంతొమ్మిదో మంచం దగ్గర ఆగాం. మీసాలాయన, ఫోటోలో మనిషిలో సగం. ఎనిమిదేళ్ళ తర్వాత చూసిన మొగుడితో ఆమె అన్న మొదటి మాట నాకు పూర్తిగా అర్థమైంది. గడ్డం పెరిగిందని తిట్టింది.

ఆయన కళ్ళు తెరిచాడు. చాలాసేపు చూశాడు. పెదవులు కూడదీసుకుని, "యద్విగో," అన్నాడు. పాఠంలో ఏడో వరస అది. పిలవడానికి వాడేది.

కాసేపటికి భుజాలు దగ్గరికి లాక్కుని, "జిమ్నొ మి," అన్నాడు. నేను దుప్పటి తెచ్చాను.

నవంబరు 13

ఆ రోజు స్తెఫాన్‌కి దుప్పటి కప్పి వెనక్కి తిరగబోతుంటే ఇరవయ్యో మంచం మీంచి, "వొదీ," అని వినపడింది. నీళ్ళు. ఇనప చెయ్యి గంటకొకసారి తడిపే నోరది. గ్లాసు పట్టుకెళ్ళాను. అప్పుడు ఎదురు వరసలోంచి ఇంకో గొంతు. తర్వాత మూలనుంచి ఒకటి. ఒక మనిషి అడిగితే ఇంకో మనిషి లేచి వెళ్ళిందని వాళ్ళకి తెలిసింది. అంతే. దిగినప్పటి నుంచి చిన్నగా మూలుగులనుకున్నవి మాటలు. నలభై ఒక్క మంచాలు. ఇప్పటిదాకా ఇరవై ఆరు మంది నాతో మాట్లాడారు. కొందరివి నాకు అర్థం కావు. పానీ యద్విగా కుర్చీలో పక్కనే వచ్చి, విని, చిన్న మాటల్లోకి మార్చి చెబుతుంది. ఆమె అసలైన దుబాసీ.

పానీ డోరోతాకి చెప్పాల్సినదంతా తొట్టిలో ఉత్తరం పెట్టి పంపాను. ఎవరు మాట్లాడుతున్నారో మంచం నంబర్లతో సహా. సోమవారం తనే దిగుతానని, ఇంకో ఇద్దరు తోడు మనుషుల్ని తెస్తానని జవాబు రాసింది. ఆ సంగతులు ఆవిడ చూసుకుంటుంది.

ఈ చీటీలు మాత్రం వేరు, లూర్దా. ఇందులో వాళ్ళు స్నానాల దగ్గర చెప్పుకున్న మాటలున్నాయి, మొగుడూ పెళ్ళాల మాటలున్నాయి, నేను బతికున్న మనిషికి దండ వేసిన సిగ్గు ఉంది. మాసిన దుప్పట్ల మధ్య పెట్టి పంపుతున్నాను. ఉప్పు తగలకుండా బీరువా అడుగు అరలో, పాఠాల కాగితాలు ఇదివరకు ఉన్నచోటే పరిచిపెట్టు. పారెయ్యకు. ఎవరికీ చూపించకు, ఎంత మంచివాళ్ళు అడిగినా. ఉన్నాయని మనిద్దరికీ తెలిస్తే చాలు.

పదమూడో మంచం వాళ్ళు పిలుస్తున్నారు.

స్వుహామ్.